సిద్ధపడాల్సింది ఎవరు?

ఇంటర్, డిగ్రీ ఫలితాలు వెలువడిన వారం నుంచే మా కట్టంగూర్‌లో మీసేవ కేంద్రాల ముందు విద్యార్థులు బారులు తీరుతారు. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా. ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయానికి వెళ్తున్న దళిత, గిరిజన, బీసీ పిల్లలు అడిగితే ఏటా ఈ జాబితానే రాసిస్తుంటాను. ఇంట్లోవాళ్లు దాని కింద ఒక పెట్టె, రెండు దుప్పట్లు, కంచం, గ్లాసు, పచ్చడి సీసా చేరుస్తారు. ఈ జాబితా అంతా విద్యార్థి ఎలా సిద్ధపడాలో చెప్పేదే. ఆ విద్యార్థిని చేర్చుకోవడానికి విశ్వవిద్యాలయం ఎలా సిద్ధపడాలో చెప్పే జాబితా కూడా ఒకటుంది. అది చట్టబద్ధమైనది. దాన్ని మాత్రం ఎవరూ పిల్లల చేతిలో పెట్టరు.

నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ మధ్య జాతీయ రహదారిపై ఉన్న మా ఊరికి ఉస్మానియా వంద కిలోమీటర్ల లోపే. 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నల్లగొండలోనే ఉంది. బస్సు ప్రయాణం కష్టమేమీ కాదు, కష్టమంతా ఆ తర్వాతే. నేను హాస్టల్‌లో చేరిన మొదటి వారంలో ఒక సీనియర్ నా పేరు అడిగాడు. తర్వాత ఇంటిపేరు అడిగాడు. అదీ చాలక ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకు అడిగాడు. మూడింటి వెనుకా ఉన్నది ఒకే ప్రశ్న. జవాబు దొరికాక అతని పలకరింపు మారిపోయింది. నగరంలో అద్దెగది వెతుక్కునే పిల్లలకు ఇదే ప్రశ్న ‘మాంసం తింటారా’ అనే రూపంలో ఎదురవుతుంది.

గది దొరకని ఈ చరిత్రకు వందేళ్లు దాటాయి. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే, కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయనను ఖాళీ చేయించింది. అదే అంబేడ్కర్‌ను 1953లో ఉస్మానియా గౌరవ డాక్టరేట్‌తో సత్కరించింది. మరో అరవై మూడేళ్లకు, 2016 జనవరిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ గదుల నుంచి వెళ్లగొట్టబడిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలోనే గుడారం వేసుకొని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వారిలో ఒకడైన రోహిత్ వేములను ఆ నెల 17న కోల్పోయాం. తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్‌ను కుటుంబానికి ఇప్పించాలని అతడు చివరి లేఖలో కోరాడు. అదే విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేశ్ మరణించారు. ఇలాంటి ప్రతి మరణం తర్వాత విద్యార్థి మనోబలం గురించి మాట్లాడేవారు ఉంటారు. పల్లె నుంచి, పేదరికం నుంచి పరిశోధన స్థాయి దాకా వచ్చినవారికి మనోబలం లేదనడం అన్యాయం. అక్కడ కొరవడింది సంస్థల సంసిద్ధత.

ఆ సంసిద్ధత ఎలా ఉండాలో 2012 నాటి యూజీసీ సమానత్వ నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి. వివక్ష నిరోధక అధికారి ఉండాలి. తరగతిలో విద్యార్థుల కులాన్ని ప్రకటించడం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులను ‘రిజర్వుడు కేటగిరీ’ అని ముద్రవేసి పిలవడం వివక్షగా పరిగణించాలి. ఫిర్యాదును 60 రోజుల్లో పరిష్కరించాలి. వీటి అమలు కోసం రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తడ్వీ తల్లి అబేదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బీసీలను కూడా స్పష్టంగా చేరుస్తూ 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించింది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి, 2012 నిబంధనలే కొనసాగాలని ఆదేశించింది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు అడిగితే కదిలిన వ్యవస్థ, అభ్యంతరాలు రాగానే ఎంత త్వరగా ఆగిపోయిందో విద్యార్థిలోకం గమనించాలి.

డబ్బు విషయంలోనూ భారమంతా విద్యార్థిదే. ఆదాయ ధ్రువపత్రం ఒక్కరోజు ఆలస్యమైతే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ విడుదలలో ప్రభుత్వం ఎన్ని నెలలు ఆలస్యం చేసినా దాని ఫలితం అనుభవించేది మళ్లీ విద్యార్థే. బకాయి తీరలేదంటూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే కళాశాలల చుట్టూ తిరిగి, పై చదువుకు ప్రవేశం పోగొట్టుకునేది కూలి చేసుకునే ఇంటి పిల్లలే.

రాబోయే ఏళ్లలో ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ చట్టం 59 కులాలను మూడు గ్రూపులుగా విభజించి 1, 9, 5 శాతం చొప్పున కేటాయించింది. బేడ బుడగ జంగం, డక్కలి, మాష్టి వంటి అత్యంత వెనుకబడిన కులాల పిల్లలకు మొదటి గ్రూపు తలుపు తెరిచింది. మాల, మాదిగ విద్యార్థులకు విశ్వవిద్యాలయాల్లో పోరాడి కట్టుకున్న సంఘాలున్నాయి, దారి చూపే సీనియర్లున్నారు. డక్కలి పిల్లవాడికి అక్కడ తనవాడంటూ ఒక్కడూ ఉండకపోవచ్చు. అతడికి తోడు నిలవడం ఆ సంఘాల మొదటి కర్తవ్యం కావాలి.

అందుకే ఈ ఏడు పిల్లలకు రాసిచ్చే జాబితాలో కొన్ని వాక్యాలు చేర్చాను. చేరిన మొదటి వారంలోనే వివక్ష నిరోధక అధికారి ఎవరో, ఎక్కడ కూర్చుంటారో తెలుసుకోండి. చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు చేస్తే తేదీతో కూడిన రసీదు తీసుకోండి. ర్యాంకు అడిగినవారికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. అంబేడ్కర్ చదువు వృత్తాంతాన్ని పెట్టెలో పెట్టుకోండి. ఇక విశ్వవిద్యాలయాలు చేయాల్సింది చాలా చిన్న పని: తరగతులు మొదలయ్యే రోజుకు ఆ అధికారి పేరు, ఫోను నంబరు ప్రతి హాస్టల్ గోడ మీద తెలుగులో రాయించాలి. విద్యార్థిని డజను పత్రాలు అడిగే సంస్థను ఆ ఒక్క పత్రం అడిగే హక్కు విద్యార్థికి ఉంది.