పాత సైనికపు లారీకి పరిచర్య

కారంపూడి వీరారాధనమును గూర్చి పల్నాటివారికి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. కార్తిక అమావాస్య మొదలుకొని రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు జరుగు ఆ యుత్సవములలో ఆయుధములకే అగ్రపూజ. పండ్రెండవ శతాబ్దమున నాగులేటి సీమలో నేలకొరిగిన వీరులను దలంచి, వీరాచారవంతులు తమ కొణతములను దూరపు టూళ్లనుండి తెచ్చి, శుభ్రపరచి, చేతబట్టి ఊరేగింతురు. భక్తి సంగతి యటుండగా, ఇనుమునకు హితమైన ధర్మ మొకటి ఈ యాచారమునం దిమిడియున్నది. మూలబెట్టిన యినుము త్రుప్పుపట్టును. ఏటేట చేతికివచ్చు నినుము నిలుచును.

ఈ ధర్మమును నేటి యుద్ధసామగ్రిలో మిక్కిలి సామాన్యమైన దొకదానికి అన్వయించి చూడవలెనని మా కోరిక. అది సైన్యమున సరకులు మోసి, కాలము తీరి, వేలమునకు వచ్చిన పాత లారీ. అట్టి బండిని కొని, బాగుచేసి, తన చక్రములపై తాను నడచునట్లు నిలుపుకొనుట యూరోపు, అమెరికా ఖండములలో ఎందరో గృహస్థుల వేడుక. మన దేశమునను ఈ వేడుక గలవా రున్నారు. అయితే జీపును, జోంగాను ముచ్చటపడి కొనువారు కనబడినంతగా పెద్ద లారీ జోలికి పోవువారు కనబడరు.

యుద్ధకథలలో లారీకి పేరుండదు. కథ యంతయు కత్తిపట్టినవానిది. వానికి తిండి మోసినవానిది కాదు. అయినను మోతబండి నిలిచిన నాడు సేనయు నిలిచిపోవును. 1944 ఆగష్టు 25 మొదలు నవంబరు 16 వరకు ఫ్రాన్సు దేశమున అమెరికా సైన్యమునకు తిండియు, పెట్రోలును, తూటాలును చేరవేసిన ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ అను లారీల వరుసలో దాదాపు 6 వేల బండ్లు పాల్గొనినవి. వానిని నడపినవారిలో నాలుగింట మూడువంతులు నల్లజాతి సైనికులు. మన వైపున, అస్సాములోని లేడోనుండి 1945 జనవరి 12న బయలుదేరిన మొదటి లారీల బారు క్రొత్తగా వేసిన కొండదారిని బడి ఫిబ్రవరి 4న చీనాలోని కున్మింగు చేరినది. ఆ యుద్ధము ముగిసిన పిదప మిగిలిన సైనికపు బండ్లు మన దేశమునను వేలమునకు వచ్చినవి. పెట్రోలు కరవున బొగ్గువాయువుతో బస్సులు నడపిన ఆ కాలమున ‘మిలిటరీ లారీ’ యనగా గట్టి బండి యను నర్థము జనుల నోట నిలిచినది.

స్వతంత్ర భారతమున ఈ స్థానము శక్తిమాన్ లారీది. పశ్చిమ జర్మనీకి చెందిన మాన్ కంపెనీ అనుమతితో జబల్పూరు సైనిక కర్మాగారములలో 1959లో దీని నిర్మాణము మొదలై 1996 వరకు సాగినది. ఇది 3 టన్నుల బరువు మోయు డీజిలు బండి. ముందు చక్రములకును వెనుక చక్రములకును గూడ ఇంజను బలము నందించు అమరిక యుండుటచే బురదలోను, ఇసుకలోను, కొండయెత్తులలోను సాగగలదు. 1965, 1971 సంవత్సరముల యుద్ధములలో సైన్యపు బియ్యము, పిండి, తూటాలు, గాయపడినవారు ఇట్టి బండ్లలోనే ప్రయాణము చేసిరి. ఆ తరమువాడగు మాజీ సైనికుని ఏ యూర నడిగినను, ఈ లారీ వెనుక చెక్కబల్లపై ఎగిరెగిరి పడిన రాత్రులను గూర్చి చెప్పును. తరువాత స్టాలియన్ మొదలగు క్రొత్త లారీలు వచ్చినవి. శక్తిమాన్ వేలపు దొడ్డి చేరినది.

సైన్యమునుండి తొలగింపబడిన బండ్లు నేడు ఎక్కువగా ప్రభుత్వరంగ సంస్థయగు ఎం.ఎస్.టి.సి. నడపు వేలముల ద్వారా అమ్ముడగుచున్నవి. అచ్చట ముందు వరుసలో నిలుచువాడు పాత ఇనుము వర్తకుడు. అతని కాటాకు లారీ చరిత్ర పట్టదు. మణుగు లెక్కయే పట్టును. అతనిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని దేశము నలుమూలల తిరిగిన యొక జాతి బండ్లలో కొన్నింటినైన నడక చెడకుండ దక్కించుకొనుట ఎవరి పని యను ప్రశ్న మిగిలియున్నది.

విశాఖపట్టణమున దీనికొక జవాబు కనబడుచున్నది. 2001లో నౌకాదళమునుండి విరమించిన కుర్సురా జలాంతర్గామిని సముద్రపు టొడ్డునకు చేర్చి 2002లో ప్రదర్శనశాలగా తెరచిరి. జలాంతర్గామికి ప్రభుత్వమే దిక్కు. గృహస్థుడు దానిని పెరటిలో కట్టుకొనజాలడు. లారీ యట్లు కాదు. కొట్టమును, కొంత నేలయు, ఓపికయు గల రైతు దానిని పోషింపవచ్చును. పైగా జలాంతర్గామి కదలకున్నను చూపరులకు లోటులేదు. కదలని లారీ మాత్రము వట్టి యినుపపెట్టె.

ఇచ్చట వేడుకపడువారికి ఒక మాట చెప్పవలసియున్నది. బాగుచేయుట యొక యెత్తు, నిలుపుకొనుట యొక యెత్తు. రంగువేసి, అద్దములు బిగించి, పండుగనాడు పటము దీయించుకొనుటతో పని తీరినదని తలంచువాని బండి మూడవ యేట మరల మూలబడును. చాలకాలము నిలిచిన ఇంజనును వెంటనే మీట నొక్కి లేపుట మంచిది కాదు. ముందుగా పాత డీజిలును, నూనెను దింపి, తొట్టె యడుగున చేరిన మడ్డిని కడిగి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి అది బిగిసికొనలేదని తెలిసికొనవలెను. డీజిలు గొట్టములలో గాలి చేరిన ఇంజను పలుకదు. పంపువద్ద మర వదలించి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చువరకు చేతిపంపు కొట్టవలెను. దీనినే మెకానిక్కులు ‘ఎయిర్ తీయుట’ యందురు. ఇంజను లేచినదని సంతోషించి బండిని రోడ్డెక్కించుట ప్రమాదకరము. బ్రేకు సిలిండరులలోని రబ్బరులు నిలువయుండి చచ్చును. బ్రేకునూనె తేమ పీల్చుకొని లోపల త్రుప్పు పుట్టించును. మూడు టన్నుల బరువు మోయు బండికి కదలుట కంటె ఆగుట ముఖ్యము.

అటుపిమ్మట నిత్యపోషణము. ఇంటిముందర పది నిమిషములు ఇంజను మ్రోగించి ఆపివేయుట మేలని పలువురి నమ్మకము. దానివలన కీడే యెక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కనందున లోపలి తేమ ఆవిరై పోక నూనెలో కలిసికొనును. పక్షమున కొకసారియైన పది పదునైదు మైళ్లు నడపి, గేరుపెట్టెయు, ఇరుసులును వేడెక్కనిచ్చుట శ్రేయస్కరము. ముందు చక్రముల బలమును నెలకొకసారి మెత్తని నేలపై వేసి నడుపవలెను. కఠినమైన తారురోడ్డుపై వేసి త్రిప్పిన యెడల పండ్లచక్రములపై ఒత్తిడి హెచ్చి విరుగును. నల్లరేగడి దుక్కిగల మన సీమలో మెత్తని నేలకు కొదువలేదు. కమాను కట్టలకును, కీలు జాయింట్లకును గ్రీజు ఎక్కించుట, టైర్ల గాలి చూచుట, బ్యాటరీ తీగలు విప్పియుంచుట చిన్నపనులే. చిన్నపనులు తప్పినందుననే పెద్ద ఖర్చులు వచ్చుచున్నవి.

పల్నాటి గాలికి ప్రత్యేకించి మరి రెండు జాగ్రత్తలు కావలెను. పిడుగురాళ్ల సున్నపుబట్టీల చుట్టుప్రక్కలను, సున్నపురాతి గనుల బాటలను లేచు తెల్లని ధూళి ఇంజను పీల్చు గాలితో లోనికి బోయి సిలిండరులను అరగదీయును. కావున గాలి వడపోతను ఇతర సీమలవారి కంటె తరచుగా శుభ్రపరచవలెను. వేసవి యెండకు టైర్ల ప్రక్కలు బీటలువారును, టార్పాలిను పెళుసెక్కును, చెక్క పలకలు వంకరపోవును. కప్పుగల కొట్టము లేనివాడు ఈ వేడుకకు దిగకుండుటయే మంచిది. గడ్డివాము ప్రక్కన కట్టినచో ఎలుకలు తీగలు కొరుకును.

ఈ క్రమమంతయు సైన్యమున నియమముగా సాగినదే. బండ్లను, ఆయుధములను బాగుచేయు ప్రత్యేక దళము 1943లో మన సైన్యమున ఏర్పడినది. దాని విద్యాలయము నేడు సికింద్రాబాదున నున్నది. డ్రైవరు బండి నడపుటయే గాక, నియమిత దినములలో దాని నూనెయు, గ్రీజును, మరలును చూచి పుస్తకమున వ్రాయవలెను. వేడుకపరుడును అట్టి పుస్తక మొకటి పెట్టుకొనుట అవసరము. ఏనాడు ఏ నూనె మార్చినది, ఏ భాగము ఎచ్చట దొరకినది, ఏ కొలతకు కోయించినది అందు వ్రాసియుంచినచో, అతని తరువాతివానికి అది లారీతోబాటు వచ్చు ఆస్తి.

విడిభాగముల ప్రశ్న చిన్నది కాదు. నిర్మాణ మాగి దాదాపు మూడు దశాబ్దములైన బండికి క్రొత్త భాగములు అంగడిలో దొరకవు. విజయవాడ, గుంటూరు ఆటోనగరులలోని లేతు పనివారు పాత ముక్కను చూచి క్రొత్తముక్క కోయగల నేర్పరులు. అయితే డీజిలు పంపును చెవితో విని సరిదిద్దు మేస్త్రీలు వృద్ధులగుచున్నారు. వారి కుమారులు కంప్యూటరు తగిలించి లోపము చదువు బండ్లకు అలవాటుపడిరి. అది వారి దోషము కాదు. పాత బండి యొక్కటి నడచుచున్నంత కాలము ఆ విద్యకు పని యుండును. పని లేని విద్య పుస్తకములో దాచినను బ్రదుకదు. ఇట్టి లారీని పోషించుట వలన ఇనుముకంటె ముందు దక్కునది ఈ విద్యయే యని మా నమ్మకము.

ఆ డబ్బుతో ట్రాక్టరు కొనరాదా యని వివేకవంతులగు రైతు లడుగవచ్చును. కొనవచ్చును, లాభము కోరువాడు అదియే చేయవలెను. ఈ లారీ డీజిలు త్రాగుట యందు ఉదారమైనది, సంపాదించుట యందు కాదు. కాని కోడిపుంజులకును, ఒంగోలు గిత్తల పందెములకును వెచ్చించు చేతులకు ఈ వేడుక భారము గాదు. యుద్ధమును పూజించుటయు ఇందులో లేదు. రెండు పక్షములు నశించిన పోరు ఎట్టిదో కారంపూడివారికి ఒకరు నేర్పనక్కరలేదు.

ఇక చట్టపు చిక్కు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన ప్రాచీన వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచినది. మొదట 20 వేల రూపాయలు రుసుము, పదియేండ్ల గడువు, పిదప 5 వేలతో మరల నమోదు. ఇది హర్షణీయమే. కాని యీ సదుపాయము ద్విచక్ర వాహనములకును, మనుష్యుల నెక్కించుకొను నాలుగు చక్రముల కార్లవంటి వాహనములకును ఉద్దేశింపబడినది. సరకుల లారీకి ఇందు తావు లేదు. జమీందారు నెక్కించుకొనిన కారు ప్రాచీనము, సైనికునికి అన్నము మోసిన లారీ తుక్కు అను నీ విభాగము మాకు న్యాయముగా తోచదు. అంతేగాక ఏండ్ల లెక్క మొదటి రిజిస్ట్రేషనునుండి సాగును. సైన్యమున బాణపుగుర్తు నంబరుతో తిరిగిన కాలమును ఆ లెక్కలో చేర్చునట్లు నియమమున స్పష్టముగా వ్రాయుట యవసరము. పదునైదేండ్లు దాటిన బండ్లపై రుసుములు 2022 ఏప్రిలునుండి హెచ్చినవి. బాడుగ కెన్నడును నడువని బండి బాడుగ లారీతో సమానముగా ఆ భారము మోయుచున్నది.

రంగు విషయమునను కొనువారు జాగరూకులై యుండవలెను. 1989 నాటి మోటారు వాహన నియమముల 121వ నియమము ప్రకారము ఆలివు పచ్చరంగు రక్షణశాఖ బండ్లకే చెల్లును. దేశభద్రత దృష్ట్యా ఈ నిషేధము యుక్తమే. దానిని మేము ఆక్షేపింపము. పాత రంగు గీసివేసి వేరు రంగు వేయించుటయు, వేలపు పత్రములు భద్రపరచి సక్రమముగా రిజిస్ట్రేషను చేయించుటయు మంచి వేడుకపరుని లక్షణము. ప్రదర్శనకు మాత్రమే యుంచి, రోడ్డెక్కని బండ్లకు అనుమతిపై పూర్వపు రంగు నిచ్చు మార్గమును ప్రభుత్వము యోచింపవచ్చును.

మేము కోరునది స్వల్పము. ప్రాచీన వాహన నియమములలో, బాడుగకు నడువని సరకుల లారీలకును చోటీయవలెను. మాజీ సైనికుల సంఘములు వేలమునకు వచ్చు బండ్లలో ఒకటి రెంటినైన కొని, ఆటోనగరు మేస్త్రీల చేతను, పారిశ్రామిక శిక్షణాలయముల విద్యార్థుల చేతను బాగుచేయించవలెను. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లా ఇందుకు ముందడుగు వేసిన మిక్కిలి సంతసింతుము. కొణతములను కాచు సీమవారికి పరిచర్య నేర్పవలసిన పనిలేదు. చేతిలోని గ్రీజును అసహ్యించుకొనని పడుచువారు పదిమంది ముందునకు వచ్చిన, కార్యము సగము నెరవేరినట్లే.