అడవి ఉన్నంత కాలమే తలకోన ధార

శేషాచలం కొండల నడుమ 270 అడుగుల ఎత్తు నుంచి బండల మీదుగా జారిపడే నీటిధారను చూడాలంటే మన జిల్లా వారు ఎంతో దూరం పోనక్కరలేదు. తిరుపతి జిల్లా ఎర్రావారిపాళెం మండలంలోని తలకోనకు పోతే చాలు. ఆంధ్రప్రదేశ్‌లోని జలపాతాలలో ఎత్తయినదిగా దీనికి పేరు. చెన్నై, బెంగళూరుల నుంచి జనం పనిగట్టుకుని వస్తుంటారు. పక్క మండలాల్లో ఉంటూ ఇంతవరకు అటు తొంగిచూడని మనవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

పోయే దారి

తిరుపతి నుంచి తలకోనకు సుమారు 60 కిలోమీటర్లు. చంద్రగిరి, రంగంపేటల మీదుగా పీలేరు రోడ్డు పట్టుకుని భాకరాపేట చేరుకోవాలి. అక్కడ తిరిగి నెరబైలు మీదుగా పోతే అడవి మొదలవుతుంది. పీలేరు వైపు నుంచి వచ్చేవారికి కూడా భాకరాపేటే మలుపు. భాకరాపేట ఘాట్ మలుపులలో బండి నిదానంగా పోనివ్వడం మంచిది. 2022 మార్చిలో పెళ్లి నిశ్చితార్థానికి పోతున్న బస్సు ఈ ఘాట్‌లోనే లోయలో పడి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రాత్రిపూట ప్రయాణం పెట్టుకోకుండా పొద్దున్నే బయలుదేరి, పొద్దుగూకకముందే ఘాట్ దాటేలా చూసుకోవాలి.

సిద్ధేశ్వరుని సన్నిధి

అడవిలో మొదట కనిపించేది సిద్ధేశ్వరస్వామి ఆలయం. శివరాత్రికి, కార్తీక మాసంలో ఇక్కడికి భక్తులు పెద్ద సంఖ్యలో వస్తారు. శేషాచలం కొండలకు తల వంటి కోన కాబట్టి తలకోన అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఆలయం దాకా వాహనాలు పోతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని కూడా తోడు తీసుకుపోవచ్చు. వారు స్వామి దర్శనం చేసుకుని, చెట్ల నీడన సేదదీరుతూ కూర్చుంటారు. నడవగలిగినవారు జలపాతం చూసి వస్తారు.

వంక వెంట నడక

ఆలయం దాటాక వంక పక్కగా దారి సాగుతుంది. ఒకవైపు నీటి గలగల, మరోవైపు ఆకాశం కనిపించనంతగా అల్లుకున్న చెట్లు. మొదట నడక సులువే. పైకి పోయేకొద్దీ బండరాళ్లు, ఎగుడుదిగుళ్లు ఎక్కువవుతాయి. చెట్లకు చుట్టుకుని మోకు తాళ్లలా వేలాడే గిల్లతీగలు ఇక్కడి వింత. వాటి కాయలు చింతకాయ ఆకారంలో ఉన్నా, బారు మాత్రం మూరెడుకు మించి పెరుగుతుంది. చెట్ల కొమ్మల మీదుగా నడిచేందుకు సుమారు 240 మీటర్ల పొడవున తాళ్ల వంతెనను కూడా ఇక్కడ ఏర్పాటు చేశారు.

ధార దగ్గరకు చేరేసరికి చల్లని తుంపర ముఖాన కొడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడిన తర్వాత ధార నిండుగా ఉంటుంది. ఎండాకాలంలో సన్నబడుతుంది. అందుచేత సెప్టెంబరు నుంచి జనవరి దాకా వచ్చేవారికి కనులపండువ.

నీరు ఎక్కడిది?

జలపాతం చూసినవారికి కలిగే సందేహం ఒకటే. కొండపైన చెరువు లేదు, ఆనకట్ట లేదు. వాన వెలిసి ఎన్నో రోజులైనా నీరు ఎలా పడుతోంది? జవాబు మన కాళ్ల కిందనే ఉంది. ఈ కొండల పైపొరలు గట్టి రాతివి. అయితే ఆ రాతినిండా పగుళ్లు, నెర్రెలు ఉన్నాయి. చెట్ల కింద ఏళ్ల తరబడి రాలిన ఆకు కుళ్లి మెత్తని పరుపులా ఉంటుంది. పడిన వాన ఆ పరుపులో ఆగి, నెమ్మదిగా ఇంకి, నెర్రెల గుండా దిగి, కింద ఊటలుగా బయటికి వస్తుంది. ఆ ఊటలన్నీ కలిసినదే వంక.

అడవి పలచబడితే ఈ లెక్క తారుమారు అవుతుంది. ఆకు లేని గట్టినేల మీద పడిన వాన ఆగదు. ఒక్కపూటలో బురదనీరై ఉరికిపోతుంది, మరుసటి వారానికి వంక ఎండిపోతుంది. చెట్టు కొట్టేసిన గుట్ట పక్కన బావులు ఎలా అడుగంటుతాయో ఈ జిల్లా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. తలకోన అయినా అంతే.

అగ్గిపుల్లతో ముప్పు

అడవికి పెద్ద శత్రువు వేసవి మంట. ఫిబ్రవరి దాటితే బోద గడ్డి, రాలిన ఆకు ఎండి పిడకల్లా ఉంటాయి. ఆర్పకుండా పారేసిన ఒక బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల అడవుల్లో మంటలు చెలరేగినప్పుడు, ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కాలిపోయేది చెట్టు ఒక్కటే కాదు, వాననీటిని పట్టి ఉంచే ఆకుపరుపు కూడా. కాబట్టి అడవిలో పొయ్యి పెట్టి వండుకోవడం మానాలి. ఇంటి దగ్గరే పులిహోరో, పెరుగన్నమో కట్టుకుని పోతే సరిపోతుంది.

బంగారు బల్లి ఇల్లు

ఈ ప్రాంతాన్ని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా కేంద్ర ప్రభుత్వం గుర్తించింది. బెట్టుడుత, దేవాంగపిల్లి, మూషిక జింక, చిరుత ఇక్కడి అడవిలో ఉన్నాయి. నీటి పక్కన బండల నెర్రెల్లో బంగారు రంగు బల్లి కాపురం ఉంటుంది. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్ల సైనికాధికారి లోకానికి తెలియజెప్పిన జాతి ఇది. బండచూరు కింద తెల్లగా గుంపులుగా అతుక్కున్న గుడ్లు కనిపిస్తే వాటిని తాకరాదు. డబ్బు వస్తుందన్న పుకార్లు నమ్మి ఈ బల్లిని పట్టేవారు జైలుపాలవుతారు.

ఎర్రచందనం సంగతి అందరికీ తెలిసిందే. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు మన తూర్పు కనుమల దక్షిణ భాగానిది. పడిపోయిన కొమ్మ ముక్కనైనా సంచిలో వేసుకోరాదు. దొంగ కలప బేరగాడి మాట విని గొడ్డలి పట్టే కూలివాడికి దక్కేది చిల్లర, మిగిలేది కేసు.

గుర్తుంచుకోవలసినవి

నీటి అడుగున పాచిపట్టిన బండలు ఉంటాయి. లోతు తెలియని గుండంలోకి దూకడం ప్రాణాంతకం. ఈత వచ్చినవాడి తల కూడా రాతికి తగిలితే పగులుతుంది. ఫోటోల కోసం బండ అంచులకు పోరాదు. మద్యం తాగి నీటిలో దిగరాదు. వంకనీరు ఉన్నట్టుండి ఎర్రబారినా, చెత్తాచెదారం కొట్టుకువచ్చినా, హోరు పెరిగినా పైన కొండల్లో వాన పడుతోందని అర్థం. మనమున్న చోట ఎండ కాస్తున్నా సరే, పిల్లలను పిలుచుకుని వెంటనే గట్టు ఎక్కాలి. వాన ఎక్కువగా ఉన్న రోజుల్లో అటవీ సిబ్బంది లోపలికి వద్దంటే వాదులాడక వెనుదిరగాలి.

కోతులకు తిండి వేసి అలవాటు చేయరాదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు వంకలో వేస్తే అవి కింది ఊళ్ల వైపే కొట్టుకుపోతాయి. ఎవరు తెచ్చిన చెత్త వారే మూటగట్టి తిరిగి తీసుకుపోవాలి.

గేటు దగ్గర కట్టే రుసుము లోపలికి పోవడానికి మాత్రమే. ధార నిలిచేది అడవి నిలిస్తేనే. మన పిల్లలు తమ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన రోజున కూడా ఈ బండల మీద నీరు జారుతూ ఉండాలంటే, ఆ పూచీ పైనుంచి వచ్చిన యాత్రికుల కంటే ముందు ఈ జిల్లా వారిదే.