ఎమ్మీల్లో ‘దిల్లీ క్రైమ్’: అంచనా ఎక్కడ తప్పింది?

2020లో ‘దిల్లీ క్రైమ్’ అంతర్జాతీయ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సిరీస్‌గా నిలిచింది. భారత్‌కు ఆ విభాగంలో అదే తొలి గెలుపు. 2012 డిసెంబరు నాటి సామూహిక అత్యాచార కేసు దర్యాప్తే దాని ఇతివృత్తం కనుక, ఈ నగరంలో ఉండే నాబోటి అభిమానికి చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు.

2023లో రెండో సీజన్‌కు షెఫాలీ షా ఉత్తమ నటి నామినేషన్ పొందగానే బహుమతి ఖాయమనుకున్నాం. ఆశనే అంచనాగా లెక్కగట్టడం అభిమానులకు అలవాటే. నవంబరు 20న న్యూయార్క్‌లో అది మెక్సికో నటి కార్లా సౌజాకు దక్కింది. సిరీస్ గెలుపు నటనకు హామీ కాదు. పైగా ఇవి అమెరికా ప్రైమ్‌టైమ్ ఎమ్మీలు కావు. ప్రధానంగా ఆ దేశం వెలుపలి కార్యక్రమాలను పలు దేశాల న్యాయనిర్ణేతలు తూచే పోటీ.

అదే రాత్రి హాస్య విభాగంలో వీర్ దాస్ ‘ల్యాండింగ్’, బ్రిటన్ సిరీస్ ‘డెర్రీ గర్ల్స్’తో పురస్కారాన్ని పంచుకుంది. నా జాబితాలో అది లేదు.