హాస్యగాండ్ర తీరిక ముచ్చటలు



నవ్వించువాడు నవ్వింపవలెనను పట్టుదల విడిచి, తనవంటి మరియొక హాస్యగానితో నిదానముగా మాటాడుచుండగా వినుటలో నొక వింత రుచి కలదు. దానిని గూర్చి ఈ పూట ముచ్చటింప దలచితిని. పంట, వాన, పన్ను, వ్యాజ్యము మొదలగు పెద్ద సంగతుల నడుమ దీనికి చోటేమి యని మీలో కొందరికి తోచవచ్చును. కాని పల్నాటివారు మాటను చులకనగా చూచువారు కారు. కోడిపందెమునాటి పట్టుదలలు, రాయబారము నాటి పరుషవాక్యములు మనవారిని కారెంపూడి యుద్ధభూమికి ఎట్లు నడిపించినవో యేటేట కార్తికమాసమున వీరుల గుడికడ వినుచునే యున్నాము. తొందరపాటు మాట యేమి చేయునో మనకు తెలిసినంతగా మరియొక సీమవారికి తెలియదు. తీరిక మాట యేమి చేయునో కూడ కొంచెము విచారింతము.

నాకీ రుచి యెట్లు పట్టుబడినదో ముందుగా చెప్పెదను.

నా చిన్నతనమున గురజాల ప్రాంతమందలి మా యూరికి తోలుబొమ్మలవారు వచ్చిరి. ఆ యేడు వానలు తప్పినవి. విరాటపర్వము ఆడించిన వాన కురియునని పెద్దల నమ్మకము గనుక ఆ కథయే ఆడుమనిరి. తోలుబొమ్మలాట రాత్రి భోజనములైన తరువాత మొదలై తెల్లవారువరకు సాగునది. నడిరేయి దాటినప్పుడు కథలో పాండవు లేమి చేయుచున్నను జనము కునుకుపాట్లు పడుదురు. అప్పుడే జుట్టుపోలిగాడు తెరపైకి ఎగిరి దుమికెను. వాని వెనుక పెండ్లాము బంగారక్క, ఆమె వెనుక కేతిగాడు. కథతో వీరికి సంబంధము లేదు. వీరికి కావలసినది జనము మేలుకొనుట. ఆ రాత్రి జుట్టుపోలిగాడు అప్పుపత్రము వ్రాసియిచ్చి, ఏమి వ్రాసితినో తెలియక తికమకపడు ఘట్టమొకటి వచ్చెను. ఎల్లయెడల నవ్వులు కురియు ఘట్టమట అది. మా యూర నెవ్వరును నవ్వలేదు. తెరవెనుక తాళము ఒక్క క్షణము తడబడుట నాకిప్పటికిని జ్ఞాపకమున్నది.

మరునాటి వేకువను మా యమ్మ నాచేతికి మజ్జిగముంత యిచ్చి బొమ్మలవారి బసకు పంపెను. చింతచెట్టు క్రింద ఇరువురు కూర్చుండి యుండిరి. ఒకడు జుట్టుపోలిగానికి గొంతు నిచ్చిన పెద్దవాడు. రెండవవాడు ఆట చూడవచ్చిన పొరుగూరి బుఱ్ఱకథ దళములోని హాస్యగాడు. వారి మాటలను వారు పలికినట్లే చెప్పుచున్నాను, మన్నింపుడు.

"అన్నా, రాత్రి అప్పు మాటకాడ జనం నవ్వలేదేం?" అని చిన్నవాడడిగెను.

పెద్దవాడు వెంటనే బదులు చెప్పలేదు. చుట్ట ముట్టించుకొని రెండుమారులు పీల్చినాడు.

"మాట బాగానే పడింది తమ్ముడా."

"పడింది. మరి?"

"నేను తెరెనక ఉంటా. నాకు మొహాలు కనపడవు. చెవుల్తోనే చూసుకోవాల. నవ్వు రాలా. సరే, అది మామూలే. దగ్గు గూడా రాలా. దగ్గు గూడా రాలేదంటే మాట ఎవరికో తగిలిందన్నమాట."

"తగిలింది. నేను చూశా. ముందు వరసోళ్లు తప్ప అందరూ తలకాయలు దించుకున్నారు. ఈ ఏడు ఈ ఊళ్లో అప్పు లేని ఇల్లు లేదంట."

మరల మౌనము. కొమ్మమీది కాకి యెగిరిపోవు వరకు ఇరువురును మాటాడలేదు.

"అయితే ఆ ముక్క తీసేస్తావా?"

"తీసెయ్యను. మా నాయన పెట్టిన మాట అది. తిరగేస్తా. ఇన్నాళ్లూ పత్రం రాసిచ్చినోణ్ణి చూపించి నవ్వించా. ఇయ్యాల రాయించుకున్నోణ్ణి చూపిస్తా."

"రాయించుకున్నోడు ముందు వరసలో కూర్చోనుంటాడే. మీకు బియ్యం కొలిచింది ఆయనే గదా."

పెద్దవాడు ఆలోచించినాడు. "అందుకని ఆయన జోలికి పోను. బంగారక్క చేత రాయించుకోమంటా. పెళ్లాం దగ్గర అప్పుచేసి పత్రం రాసిచ్చే మొగుణ్ణి చూస్తే ఎవడైనా నవ్వుతాడు, రాయించుకున్నోడైనా సరే."

బియ్యము కొలిచినది మా తండ్రిగారు. ఊరిలోని సగము పత్రములు మా యింటి భోషాణములో నుండెను. నా యడుగుల చప్పుడు విని వారు నావైపు తిరిగిరి. "ఎవరబ్బాయివి?" అని పెద్దవాడడిగెను. చెప్పితిని. ఇరువురును ఒకరినొకరు చూచుకొనిరి. పెద్దవాడు ముంత యందుకొని త్రాగి, "మజ్జిగ బాగుంది, ఉప్పు కాస్త తక్కువ" అనెను.

ఆ విన్నది నేనింటిలో చెప్పలేదు. ఆ రాత్రి బంగారక్క చాపమీద కూర్చుండి మగనిచేత పత్రము వ్రాయించుకొనెను. ఊరంతయు నవ్వెను, మా తండ్రిగారును నవ్విరి. ఆ యేటి వడ్డీ వదలిరా యని మీరడుగవచ్చును. వదలలేదనియే నా జ్ఞాపకము.

ఆటలో విన్న హాస్యము నేను చాలవరకు మరచితిని. చింతచెట్టు క్రింది మాటలు మాత్రము మరువలేదు. ఏల యని చాలకాలము నన్ను నేనే ప్రశ్నించుకొంటిని.

నాకు తోచిన మొదటి కారణమిది. హాస్యగాని వృత్తి వినికిడి. శాస్త్రి తాను చెప్పదలచినది ఎవ్వరు విన్నను వినకున్నను చెప్పగలడు. గాయకుడు కన్నులు మూసికొని పాడగలడు. హాస్యగానికి ఆ వీలు లేదు. ఎదుటివాని ఊపిరి యెచ్చట ఆగునో కనిపెట్టి అచ్చట మాట వేయవలెను. అరక్షణము ముందైనను వెనుకయైనను మాట చచ్చును. ఇట్లు ఏండ్ల తరబడి విని విని పదునెక్కిన చెవులు గలవా రిరువురు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, ఒకడు మాట ముగించు వరకు రెండవవాడు ఆగును. మన రచ్చబండలమీద సహితము ఇంతటి ఓర్పు అరుదు. అచ్చట ఒకరి మాట సగములో నుండగనే నలుగురి తీర్పులు వెలువడును.

రెండవది, హాస్యగాడు హాస్యగానిని నవ్వింపవలసిన పనిలేదు. చెప్పులు కుట్టువానికి చెప్పు చూపి మురిపించుట యెట్లు? అతడు కుట్టు చూచును. కావున వారు ఆ ప్రయత్నము మాని, ఏ మాట ఎచ్చట ఎందుకు పారినది, ఎందుకు పారలేదు, ఎవరిని నొప్పించినది యను విచారమునకు దిగుదురు. అది పైకి వృత్తి విషయము. లోన జూచిన, మనుష్యులు దేనికి సిగ్గుపడుదురు, దేనికి భయపడుదురు, దేనిని దాచుకొందురు అను విషయమే.

ఈ సంభాషణము ఆటకు వెలుపలనే యుండవలెనను నియమము లేదు. మన పూర్వులు దానిని ఆటలోనికే తెచ్చిరి. నాటకమునకు ముందు జరుగు పూర్వరంగములో త్రిగతమను నొక అంగమును నాట్యశాస్త్రము చెప్పుచున్నది. సూత్రధారుడు, అతని సహాయుడు, విదూషకుడు ముగ్గురును చేరి ముచ్చటించుట దాని స్వరూపము. కేరళదేశపు కూడియాట్టములో విదూషకుడు పురుషార్థములను గూర్చి కొన్ని రాత్రుల పర్యంతము వాక్కు నడపు సంప్రదాయము కలదు. నాటకమునకు వచ్చినవారు కథకై తొందరపడక విదూషకుని మాటకై కూర్చుందురు. కూచిపూడివారి భామాకలాపములో సత్యభామను మాధవి మగని పేరు చెప్పుమని అడుగును. భామ సిగ్గుపడును, చుట్టును తిప్పును, తప్పించుకొనును. ఒక్క పేరు పలుకుటకు ఎంత ప్రొద్దు పోయినను ఎవ్వరును విసుగుకొనరు.

బుఱ్ఱకథ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నడుమ తంబుర పట్టి చేతి అందెలు మ్రోగించు కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో వంతలు. ఆ ఇరువురిలో నొకడు హాస్యము, మరియొకడు రాజకీయము. హాస్యగాడు తెలియనివానివలె ప్రశ్న వేయును. నిజమునకు ఆ ప్రశ్న వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మది. అడుగుటకు ఆమె సిగ్గుపడునని అతడు ముందే యడిగినాడు. కథకునికి ఊపిరి పీల్చుకొను వ్యవధియు దొరకినది. గుంటూరు మండలము పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను తెలుగునాట నెంత యెత్తున నిలిపినది లోకవిదితము. 1986లో పద్మశ్రీ పొందిన ఆయన 1997లో గతించిరి. మన పల్నాటి యుద్ధమును గూడ ఆయన బుఱ్ఱకథగా నడపినారు. అంతటి రౌద్రకథలో వంతల ముచ్చట లేకున్న వినువారి గుండె నిలుచునా? బాలచంద్రుడు కదనమునకు సాగు వేళ హాస్యమేమి యని ముక్కు విరుచువారు కొందరు కలరు. ఆ వేళనే అది అవసరమని నా మతము.

మన సీమకు హాస్యముతో పాతపగ కూడ నొకటి యున్నది. జొన్నకూటిని, నీటికరవును, రాళ్లను ఎత్తిపొడిచి శ్రీనాథుడు చెప్పినవని యందురు గదా, ఆ చాటువులు. మన యెదుట మనల నెక్కిరించి పోయిన మహాకవిని మనమే కంఠస్థము చేసి పిల్లలకు నేర్పితిమి. ఇది మన ఔదార్యమో, ఎక్కిరింతలో నిజముండెనో మీరే నిర్ణయింపుడు. నాగార్జునసాగరపు కాలువలు వచ్చిన పిదప ఆ పద్యములు సగము ఊళ్లకు చెల్లవు.

ఆ బాకీ తీర్చుటకే కాబోలు, మన వైపునుండి యొక హాస్యనటుడు బయలుదేరినాడు. సత్తెనపల్లి చేరువ చాగంటివారిపాలెమున 1956లో జన్మించిన బ్రహ్మానందముగారు అత్తిలిలో తెలుగు ఉపన్యాసకులుగా నుండి, 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' చిత్రముతో పేరు గాంచిరి. 2009లో పద్మశ్రీ వచ్చినది. ఆ సత్తెనపల్లి సీమ 2022 ఏప్రిలులో నరసరావుపేట ముఖ్యస్థానముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో నిప్పుడు చేరియున్నది. తెరమీద ఆయనను చూచినవారు ముఖమును గూర్చి చెప్పుదురు. తీరికగా కూర్చుండి మాటాడునప్పుడు విన్నవారికి మరియొక మనుష్యుడు కనబడును. పద్యమును ప్రేమించు ఉపాధ్యాయుడు, పెన్సిలుతో దేవతామూర్తులను గీయు ఏకాంతప్రియుడు. 2015లో గతించిన ఎమ్.ఎస్. నారాయణగారును భీమవరము కళాశాలలో తెలుగు చెప్పినవారే. ఇరువురు తెలుగు మాస్టర్లు ఒక కాలమున తెలుగుదేశమును నవ్వించుట కాకతాళీయమని నేననుకొనను. తరగతిలో చివరి బల్లమీది పిల్లవాని మనస్సు ఎప్పుడు కిటికీ దాటినదో కనిపెట్టుట వారికి వృత్తివిద్య.

దూరదేశములందును ఇదే తీరు. లారెల్, హార్డీ అను జంటను టూరింగు టాకీసుల కాలమునాటి మీలో కొందరైనను చూచియుందురు. హార్డీ 1957లో చనిపోయెను. లారెల్ ఆ తరువాత వేదిక నెక్కలేదు. అమెరికాలో సముద్రపుటొడ్డున సాంటా మోనికా యను నూర నొక చిన్న యింట నివసించెను. ఆయన టెలిఫోను సంఖ్య అందరికి దొరకు పుస్తకములోనే యుండెను. యువహాస్యనటులు ఫోను చేసి, వెళ్లి, కూర్చుండి, ఏ నవ్వునకు ఎంతసేపు ఆగవలెనని ఆయన నడుగుచుండిరి. 1965లో మరణించు వరకు ఆయన తలుపు తీసియే యుంచెను. తనతో మాటాడవలసిన జోడుకాడు పోయిన పిదప, వచ్చిన ప్రతివానితోను ఆ మాటను కొనసాగించెను కాబోలు.

మన రెండు తరములవారికి ఇట్టి మాటలు మొదట రేడియో తెచ్చినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. కంటికి వేషము లేనప్పుడు గొంతులోని వేషము వెంటనే పట్టుబడును. దొంగనవ్వు రేడియోలో దాగదు. తరువాత టెలివిజనులో హాస్యనటుడు ఆలీ, సీతాకోకచిలుకలో బాలనటుడైన ఆయనయే, తోటినటులను కూర్చుండబెట్టి ముచ్చటించు కార్యక్రమమును నడిపినాడు. నవ్వులు చాల నుండెను. కాని ఒక్కొక్కప్పుడు వచ్చిన వారు పాతదినముల ఆకలినో, పోయిన మిత్రునో తలచుకొని ఆగిపోయినపుడు, అడిగినవాడును ఆగును. ఆ నిలుపుదల కొరకే నేను చూచెడివాడను.

ఇటీవల మా మనుమడు చేతిఫోనులో అట్టి ముచ్చట నొకదానిని పెట్టి నాకు వినిపించినాడు. ఇరువురు వృద్ధనటులు. ఒకరు ప్రశ్న యడిగిరి. రెండవవారు బదులు చెప్పక చాలసేపు ఊరకుండిరి. నాకు చింతచెట్టు క్రింది చుట్టపొగ వాసన వచ్చినట్లాయెను. మనుమడు మాత్రము, "తాతయ్యా, ఫోను ఆగిపోయింది" అని దానిని రెండుమారులు తట్టినాడు. ఆగలేదురా, ఉండు అంటిని.