పాత మంగలికత్తి: కాలనిర్ణయము, మరమ్మతు

పెద్దల పెట్టెలో మడతకత్తి దొరకినంతనే పలువురు దానిని గరుకుకాగితముతో తోముదురు. కీలుదగ్గర, అలుగు మొదట అచ్చొత్తిన ముద్రయే దాని జన్మపత్రిక. తోమినచో ముందు చెడునది అదియే. శాసనమునకు నకలు తీయునట్లు ముద్రను ముందుగా వ్రాసికొనవలయును.

ఇంగ్లండులోని షెఫీల్డు కత్తులపై కిరీటము, రాజనామాక్షరములు తరచు కనబడును. 'డబ్ల్యు. ఆర్.' నాల్గవ విలియమునకు (1830–37), 'వి. ఆర్.' విక్టోరియా రాణికి (1837–1901) గుర్తు. మా ముత్తాతగారి కత్తిపై ఈ రెండవదియే కలదు. ఆయన కాలపు వ్రాత మా ఇంట మరియొకటి లేదు. దేశనామము ముద్రించుట 1890 నాటి అమెరికా సుంకపు చట్టముతో విరివియయ్యెను. ఐనను ఆ చట్టము అమెరికాకు పోవు సరకునకే; కావున దేశనామము లేనంతమాత్రమున కత్తి అంతకు పూర్వపుదని తీర్మానింపరాదు. అలుగు గొడ్డలివాదరవలె మందముగానున్నచో ప్రాచీనత ఊహింపవచ్చును; పక్కలు లోనికి గుల్లగా సానపట్టినవి 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రబలినవి. పిడి సాక్ష్యము దుర్బలము, మార్చబడి యుండవచ్చును.

తుప్పునకు నూనె రాచి, ఒకదినముంచి, మెత్తని గుడ్డతో తుడువవలెను. ఎఱ్ఱతుప్పు పోవలయును, నల్లమచ్చలు నిలిచినను దోషము లేదు. శిథిలమైన సెల్యులాయిడు పిడినుండి వెలువడు ఆమ్లపుటావిరి ఉక్కును తినును గనుక దానిని వేరుచేయవలెను. వాదర బీటవారినచో గడ్డమునకు వాడరాదు. సానచక్రమునకు ఈయకుడు, కాకకు ఉక్కు పదను చెడును. సన్నని నీటిరాతిపై వెన్నును వాదరను కలిపి ఆనించి నూరి, పిదప తోలుపట్టీపై వెన్ను ముందుగా లాగవలెను.