తన మరను తానే కోసుకునే యంత్రం

లేత్ అంటే పనిముట్టును నిలిపి వస్తువును తిప్పే యంత్రం. డ్రిల్లింగ్ మిషన్‌లో పనిముట్టు తిరుగుతుంది, వస్తువు కదలదు. లేత్‌లో ఏర్పాటు అందుకు తలకిందులు. చక్ అనే పట్టులో బిగించిన ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటుంది. పదునైన టూల్ దాన్ని తాకి లోహాన్ని పొరపొరగా ఒలుస్తుంది. టూల్ కడ్డీ పొడవునా జరిగితే నున్నటి స్తంభాకారం వస్తుంది, అడ్డంగా జరిగితే చదునైన ముఖం, వాలుగా జరిగితే శంకువు. కడ్డీ తిరిగే వేగానికీ టూల్ జరిగే వేగానికీ లెక్క కుదిరిస్తే దాని మీద మర పడుతుంది. షాఫ్టు, బుష్, పుల్లీ, రోలర్, బోల్టు వంటి గుండ్రని భాగాల్లో చాలావాటికి పుట్టిల్లు ఇదే.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఈ యంత్రం మిల్లుల్లోనే కాక రోడ్డు పక్క షాపుల్లో, ఇంటి వసారాల్లో, పెరటి రేకుల షెడ్డుల్లో కూడా పనిచేస్తుంది. ఇలాంటి పనిశాలకు ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్, వెల్డింగ్ సెట్టు, బెంచి వైస్ చాలు. వీలుంటే చదునైన ముఖాలు చెక్కే ఒక పాత షేపర్. ఇవన్నీ చేత్తో నడిపేవే, ఎక్కువగా ఒకరు వాడి అమ్మినవే.

చెక్క నుంచి ఇనుముకు

తిప్పి చెక్కే విద్య ఇనుము కోసం పుట్టింది కాదు. ఈజిప్టులో క్రీస్తుపూర్వం 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడ మీద ఇద్దరు మనుషులు నడిపే లేత్ బొమ్మ ఉంది: ఒకరు తాడు లాగి తిప్పుతుంటే రెండోవారు ఉలి పట్టుకుంటారు. ఆ విద్య ఉత్తరాంధ్రలోనే బతికి ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు లక్క కణికను ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి రంగు పడుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అంకుడు మెత్తని కర్ర కాబట్టి ఉలిని చేత్తో పట్టుకుంటే సరిపోతుంది. ఇనుము అలా లొంగదు. చెయ్యి కాస్త వణికితే కొలత తప్పుతుంది, కోత కాస్త లోతైతే ఉలి ఎగిరిపోతుంది. ఉలిని మనిషి చేతిలోంచి తీసి యంత్రానికే బిగించినప్పుడు లోహపు లేత్ మొదలైంది. ఫ్రాన్సులో జాక్ ద వోకాన్సన్ 18వ శతాబ్దం నడుమ, ఇంగ్లండులో జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో ఆ దారి పట్టారు. దాన్ని పనిశాలలో రోజూ వాడే యంత్రంగా మలిచినవాడు హెన్రీ మాడ్‌స్లే. తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా దగ్గర పనిచేసి, 1797లో లండన్‌లో సొంత పనిశాల పెట్టిన మాడ్‌స్లే 1800 ప్రాంతంలో మూడు ఏర్పాట్లను ఒకే లేత్‌లో కలిపాడు: టూల్‌ను గట్టిగా పట్టి జరిపే స్లైడు, ఆ స్లైడును నడిపే పొడవాటి లీడ్ స్క్రూ, కడ్డీకీ లీడ్ స్క్రూకీ మధ్య మార్చుకోదగిన పళ్లచక్రాలు.

ఆ లేత్ చేసే మర ఎంత సరిగా ఉంటుందన్నది దాని సొంత లీడ్ స్క్రూ మీద ఆధారపడుతుంది. మాడ్‌స్లే ఉన్నంతలో మంచి స్క్రూతో ఇంకా మంచి స్క్రూను కోసి, దాన్ని తిరిగి లేత్‌కు అమర్చే పద్ధతిలో కచ్చితత్వాన్ని పెంచుకుంటూ పోయాడు. అంగుళంలో పదివేలవ వంతు దాకా కొలిచే బెంచి మైక్రోమీటరును కూడా చేసి, దానికి ‘లార్డ్ చాన్సలర్’ అని పేరు పెట్టాడు. కొలతల తగాదాలో ఆఖరి తీర్పు దానిదే. అతని పనిశాలలో పనిచేసినవాళ్లలో రిచర్డ్ రాబర్ట్స్ 1817లో లోహాన్ని చదును చేసే ప్లేనర్‌ను, జేమ్స్ నాస్మిత్ 1836లో షేపర్‌ను తయారుచేశారు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. ఆ తర్వాతే ఒక పనిశాలలో చేసిన బోల్టుకు మరో పనిశాలలో చేసిన నట్టు పట్టడం మామూలు విషయమైంది.

ఉత్తరాంధ్రకు రాక

ఈ ప్రాంతంలో లోహపు పనికి పాత పునాది ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు సామానుకు పేరుపడ్డ ఊరు. లేత్ పని మాత్రం మిల్లులు, గనులు, రైళ్ల వెంట పెరిగింది. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. గరివిడిలో తరవాత ఫెర్రో మిశ్రమలోహాల కర్మాగారం వెలిసింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న గేజి రైలు 1900లో నడిచింది. గోగునార పండే నేల కావడంతో నెల్లిమర్ల, చిట్టివలస, బొబ్బిలి, రాజాం వైపు జనపనార మిల్లులు వచ్చాయి. జనపనార మిల్లు అంటే వందల రోలర్లు, బేరింగులు, పళ్లచక్రాలు రాత్రింబవళ్లు అరిగే చోటు. విడిభాగం ఎక్కడినుంచో వచ్చేదాకా మిల్లును ఆపి కూర్చోలేరు కాబట్టి ఇలాంటి చోట రిపేరు షాపు, అందులో లేత్ తప్పనిసరి.

పాతకాలపు షాపుల్లో ఆవిరి ఇంజన్ తిప్పే పొడవాటి షాఫ్టు పైకప్పు కింద ఉండేది. దాని నుంచి ఒక్కో యంత్రానికీ ఒక్కో తోలు బెల్టు దిగేది. యంత్రానికో మోటారు వచ్చాక పైషాఫ్టు పోయింది కానీ, బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మార్చి వేగం మార్చే మెట్ల పుల్లీ చాలా పాత లేత్‌లలో మిగిలింది.

దేశీయ లేత్‌లు స్వాతంత్ర్యానికి కాస్త ముందూ వెనకా విరివిగా వచ్చాయి. హరిహర్‌లో మైసూరు కిర్లోస్కర్ 1941లో, సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో మొదలయ్యాయి. స్విట్జర్లాండుకు చెందిన ఓర్లికాన్ సహకారంతో 1953లో బెంగళూరులో హెచ్‌ఎంటీ ఏర్పడింది. పంజాబులోని బటాలా, గుజరాత్‌లోని రాజ్‌కోట్ తక్కువ ఖరీదు బెల్టు లేత్‌లకు నెలవులయ్యాయి. ఐటీఐలకు ఆధారమైన వృత్తి శిక్షణ పథకం 1950లో మొదలై, టర్నర్, ఫిట్టర్, మెషినిస్టు చదువులు చిన్న పట్టణాలకూ చేరాయి. అలా యంత్రమూ, దాన్ని నడిపే చెయ్యీ రెండూ ఊళ్లకు అందాయి.

అమరిక

లేత్‌కు వెన్నెముక బెడ్. పోత ఇనుముతో పోసిన ఈ దిమ్మె మీద చెక్కిన పట్టాల వెంటే మిగతా భాగాలు కదులుతాయి. పోత ఇనుములో పొరలుగా ఉండే గ్రాఫైటు కోతలో పుట్టే కంపనాన్ని మింగేస్తుంది, జారుడుకు కొంత నునుపునిస్తుంది. ఎడమ చివర హెడ్‌స్టాక్, అందులో చక్‌ను తిప్పే స్పిండిల్ ఉంటాయి. కుడివైపు టైల్‌స్టాక్ పొడవు కడ్డీల రెండో కొసను ఆపుతుంది. ఈ రెంటి మధ్య క్యారేజీ, దాని మీద అడ్డంగా జరిగే క్రాస్ స్లైడు, ఆపైన టూల్ పోస్టు. వేగం తగ్గించి బలం పెంచుకోవాల్సినప్పుడు బ్యాక్ గేరు వేస్తారు.

పాత యంత్రాన్ని నిలబెట్టడం

పాత లేత్ కొనేటప్పుడు పెయింటు కాదు, బెడ్ చూడాలి. పనిలో ఎక్కువ భాగం చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే ముందుగా అరుగుతుంది; టైల్‌స్టాక్ వైపు కొత్తదానిలా మిగులుతుంది. క్యారేజీని చక్ దగ్గర బిగువు సరిచేసి కుడి చివరకు జరిపితే అక్కడ పట్టేస్తుంది. అరుగుదల ఎంతో దాన్నిబట్టే తెలుస్తుంది. స్పిండిల్ ఊగుతోందా, హెడ్‌స్టాక్‌లో పళ్లు విరిగాయా, లీడ్ స్క్రూ ఒకచోట సన్నబడిందా అన్నవి తరవాతి ప్రశ్నలు.

బరువైన బెడ్ కూడా ఎగుడుదిగుడు నేల మీద మెలిపడుతుంది. అందుకే కాంక్రీటు దిమ్మె మీద నిలిపి, మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడాను చూపే లెవెల్‌తో రెండు కొసలూ సరిచేస్తారు. ఆఖరి పరీక్ష కోతే. టైల్‌స్టాక్ ఆసరా లేకుండా లావుపాటి కడ్డీని చక్‌లో బిగించి, చక్ దగ్గర ఒక పట్టీ, దూరంగా ఒక పట్టీ ఉంచి, రెంటినీ ఒకే సన్నని కోతతో తీసి మైక్రోమీటరుతో కొలుస్తారు. రెండు కొలతలూ ఒకటే అయితే బెడ్ మెలి లేకుండా ఉన్నట్టు. తేడా ఉంటే బెడ్ పాదాల కింది బోల్టులు సరిచేసి మళ్లీ కోస్తారు.

ఇళ్లలో ఉండేది సింగిల్ ఫేజ్ కరెంటు, పాత లేత్‌లకు ఉండేది ఎక్కువగా త్రీ ఫేజ్ మోటారు. మోటారు మార్చడం ఒక దారి. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ డ్రైవ్ పెట్టడం రెండోది. డ్రైవ్‌తో వేగాన్ని నాబు తిప్పి మార్చుకోవచ్చు. కానీ వేగం బాగా తగ్గిస్తే మోటారు శక్తీ పడిపోతుంది కాబట్టి బ్యాక్ గేరు అవసరం తీరదు.

శ్రీకాకుళం తీరంలో లేత్‌కు మరో శత్రువు ఉప్పుగాలి. ఉప్పు తేమ తగిలిన పోత ఇనుము ఒక్క వానాకాలంలో తుప్పు పడుతుంది. పని ముగిశాక తురుము ఊడ్చి, బెడ్ తుడిచి, నూనె పొర పూయడం రోజువారీ పని. గాలి ఆడకుండా ప్లాస్టిక్ పట్టా చుడితే లోపల చెమ్మ పట్టి తుప్పు పెరుగుతుంది. గ్రైండరును లేత్‌కు దూరంగా పెట్టాలి. దాని రాతిపొడి బెడ్ మీద పడితే నూనెతో కలిసి పట్టాలను అరగదీస్తుంది.

చేసే పని

ఊరి లేత్ షాపుకు వచ్చేది నమూనా కాగితం కాదు, విరిగిన వస్తువు. వ్యవసాయ మోటారు బుష్, పవర్ టిల్లర్ షాఫ్టు, రైసుమిల్లు పుల్లీ, చెరకు గానుగ రోలరు, పలాస జీడి పరిశ్రమ యంత్రాల భాగాలు, పడవ ఇంజన్ షాఫ్టు వంటివి. గాడిపడ్డ షాఫ్టును వెల్డింగుతో నింపి, చల్లారాక లేత్ మీద పాత కొలతకు కోస్తారు. 30 మిల్లీమీటర్ల షాఫ్టుకు గన్‌మెటల్ బుష్ చేస్తే దాని రంధ్రం మిల్లీమీటరులో వందో వంతులు మూడు నాలుగు మాత్రమే పెద్దదిగా ఉండాలి. వెంట్రుక మందం కన్నా సన్నని ఆ సందులోనే నూనె పొర నిలవాలి.

వేగానికి ఒక సూత్రం ఉంది. కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకుని 1000తో గుణించి, మిల్లీమీటర్లలో కడ్డీ వ్యాసాన్ని 3.14తో గుణించిన మొత్తంతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. హైస్పీడ్ స్టీలు టూల్‌తో మామూలు ఉక్కును నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో కోయవచ్చు. అంటే 25 మిల్లీమీటర్ల కడ్డీకి దాదాపు 320 చుట్లు. కడ్డీ లావు రెట్టింపైతే చుట్లు సగం. వేగం మించితే టూల్ మొన నీలంగా మాడిపోతుంది.

క్రాస్ స్లైడు చక్రం మీది గీతలు చదవడంలో రెండు మెలకువలున్నాయి. టూల్ ఒక మిల్లీమీటరు లోపలికి వెళితే కడ్డీ వ్యాసం రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. పాత స్క్రూకూ నట్టుకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి, గీత దాటిపోతే అక్కడి నుంచే వెనక్కి తిప్పకూడదు; బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు తిప్పుతూ గీత మీద ఆపాలి.

మర కోతలో పాత యంత్రం గణితం బయటపడుతుంది. అంగుళానికి నాలుగు మరలున్న లీడ్ స్క్రూతో అంగుళానికి ఎనిమిది మరలు కోయాలంటే కడ్డీ రెండు చుట్లు తిరిగేలోగా లీడ్ స్క్రూ ఒక చుట్టు తిరగాలి. మెట్రిక్ మర కావాలంటే 127 పళ్ల చక్రం కావాలి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాని ఐదు రెట్లు సరిగ్గా 127. అదే లీడ్ స్క్రూతో 2 మిల్లీమీటర్ల మరకు 40 పళ్ల చక్రం 127 పళ్ల చక్రాన్ని నడపాలి. అప్పుడు ఒక కోతకూ మరో కోతకూ మధ్య, క్యారేజీని లీడ్ స్క్రూకు పట్టించే హాఫ్ నట్టును విప్పరు. టూల్‌ను బయటికి లాగి మోటారును వెనక్కి తిప్పి క్యారేజీని మొదటికి తెస్తారు. చక్‌ను మరతో బిగించే పాత స్పిండిళ్లలో ఈ వెనక తిరుగుడు మెల్లగా సాగాలి. లేకుంటే చక్కే విప్పుకుని పడుతుంది.

లుంగీ, భుజం మీది తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు లేత్ దగ్గరికి రాకూడదు. తిరిగే కడ్డీ గుడ్డను పట్టిందంటే చేతిని వదలదు. చక్ తాళాన్ని చక్‌లోనే మరచి స్విచ్చి వేస్తే అది తూటాలా ఎగురుతుంది. పొడవాటి తురుమును చేత్తో లాగకుండా కొక్కెంతో తీయాలి. కళ్లద్దాలు తప్పనిసరి.

ఎందుకు నిలిచింది

అంకెలతో నడిచే యంత్రాన్ని అమెరికాలో ఎంఐటీ 1952లో ప్రదర్శించింది. దాని వారసులైన సీఎన్‌సీ యంత్రాలు ఒకే భాగాన్ని వేల సంఖ్యలో ఒకే కొలతతో చేయడంలో చేతి లేత్‌కు అందనంత దూరంలో ఉన్నాయి. విరిగిన ఒక్క షాఫ్టు విషయంలో లెక్క వేరు. దాన్ని కొలిచి, గీసి, ప్రోగ్రాము రాసేలోగా చేతి లేత్ మీద పని పూర్తవుతుంది. పైగా అరిగిన హౌసింగుకు కావలసింది పుస్తకంలోని కొలత కాదు, ఆ అరుగుదలకు సరిపోయే కొలత. దాన్ని టర్నర్ అక్కడికక్కడ తేలుస్తాడు.

రెండో కారణం యంత్రంలోనే ఉంది. సీఎన్‌సీలో ఎలక్ట్రానిక్ కార్డు కాలిపోయి, దాని తయారీ ఆగిపోతే యంత్రం మూలనపడుతుంది. చేతి లేత్‌లో ఆ గండం లేదు. అరిగిన క్రాస్ స్లైడు నట్టును గన్‌మెటల్‌తో మళ్లీ చేయవచ్చు, లీడ్ స్క్రూను కొత్తగా కోయవచ్చు, స్పిండిల్ బుష్‌లు మార్చవచ్చు. అరిగిన బెడ్‌ను గ్రైండింగు చేయించవచ్చు, లేదా నీలిరంగు పూసిన సరిపలకను ఆనించి, రంగు అంటిన మిట్టలను స్క్రేపరుతో గీకుతూ చదును చేయవచ్చు. ఈ పనుల్లో బెడ్ ఒక్కటి మినహా దాదాపు అన్నీ మరో లేత్ మీద, కొన్ని ఆ లేత్ మీదే జరుగుతాయి. మాడ్‌స్లే తన స్క్రూతో ఇంకా మంచి స్క్రూ కోసిన పద్ధతి ఇదే. పోత ఇనుప దిమ్మె పగలనంతకాలం, నడిపే టర్నర్ ఉన్నంతకాలం ఇలాంటి యంత్రానికి పని ఆగదు.