మనస్సును కొలిచిన విదుషి

మనస్సును గూర్చి మన పూర్వులు న్యాయ యోగ దర్శనములందు విచారించియే యున్నారు. దానిని యంత్రములతో పరీక్షించుటకు లైప్‌జిగ్ నగరమున 1879లో ప్రయోగశాలను నెలకొల్పినవాడు జర్మను పండితుడగు విల్‌హెల్మ్ వుంట్. చప్పుడు వినబడుటకును, విన్నవాడు మీట నొక్కుటకును నడుమ గడచు లేశకాలము నచట కొలిచెడివారు.

అమెరికాలో మేరీ విటన్ కాల్కిన్స్ అను నామె వెల్స్‌లీ స్త్రీకళాశాలయందు 1891లో నిట్టి ప్రయోగశాలనే స్థాపించెను. హార్వర్డున చదువబోగా, స్త్రీ యగుటచే నతిథిగా మాత్రమే రానిచ్చిరి. ఆమె రంగుల ప్రక్క నంకెలను జూపి, పిమ్మట రంగును మాత్రమే చూపి యంకె యేదని యడిగెడిది. జ్ఞాపకమునకు మిక్కిలి తోడ్పడునది పలుమారులు కలసి కనబడుటయే యని తేలెను. పిల్లలచే నెక్కములు వల్లెవేయించు తల్లులకు ఇది వింత గాదు!

1895లో విలియం జేమ్సు మొదలగు పరీక్షకులు ఆమెను డాక్టరు పట్టమున కర్హురాలనిరి; విశ్వవిద్యాలయము ససేమిరా యనెను. 1902లో స్త్రీల కళాశాలయగు రాడ్‌క్లిఫ్ పేర నిత్తుమన్నను ఆమె యొల్లలేదు. చదివిన దొకచోట, పట్టము వేఱొకచోటనా? ఆ నిరాకరణము నాకు న్యాయముగనే తోచుచున్నది. 1905లో అమెరికా మనశ్శాస్త్ర సంఘమున కామె యధ్యక్షురాలయ్యెను. 1930లో మరణించునప్పటికిని హార్వర్డు పట్ట మామెకు రాలేదు.